పదిహేడో నంబరు పంచ్

సోమవారం పొద్దున హోసూరు దాటాక జూజువాడి చెక్‌పోస్టు దగ్గర బెంగళూరు బస్సు ఆగి ఉన్నప్పుడు ఫోను మోగింది. ముందు లారీలు, వెనక లారీలు. పుస్తకంలో వేలు పెట్టి మూసి ఫోను తీశాను. నేను ఇదివరకు పని చేసిన హోసూరు ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ చూసే అక్క.

"యాడుండావు పాపా?"

"బస్సులో అక్కా. ఆఫీసుకు పోతా ఉన్నాను."

"సెట్టరప్ప పోయినాడు. తెల్లార్తో కాఫీ తాగి అరుగు మింద కూర్చున్నోడు, కూర్చున్నట్లే పోయినాడంట. కృష్ణగిరి అవతల పోచంపల్లి పక్కన వాళ్ల ఊర్లోనే. మధ్యాన్నానికి తీసేస్తారంట. చెప్పల్ల కదా అని చేసినా."

బస్సు దిగాను. రోడ్డు దాటి అవతలి వైపు కృష్ణగిరి బస్సు కోసం నిలబడ్డాను. ఆఫీసుకు సెలవు చెప్పాలన్న సంగతి శూలగిరి దాటాక గుర్తొచ్చింది.

ఆయనకొక పేరు ఉంది. ఫ్యాక్టరీలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు కనుక నేనూ ఇక్కడ రాయడం లేదు. అందరికీ ఆయన సెట్టరప్ప. మేనేజరుకు కూడా.

సెట్టర్ అంటే ఏమిటో చెప్పాలి. ఇనుమును తిప్పుతూ కోసే లేత్ మీద కొత్త జాబ్, అంటే కొత్త రకం సరుకు, ఎక్కించేటప్పుడు పనిముట్టు ఎక్కడ నిలవాలి, ఎంత లోతు కోయాలి అన్నది అమర్చేవాడు సెట్టర్. అమర్చాక మొదటి పీసు తానే తీస్తాడు. కొలుస్తాడు. కొలత కుదిరితే వేలెడంత ఉక్కు పంచ్ పెట్టి సుత్తితో ఒక దెబ్బ కొడతాడు. పీసు మీద ఆయన నంబరు పడుతుంది. ఆ తర్వాతే ఆపరేటరు మిగతా పీసులు తీయాలి. ఆ నంబరు పడిందంటే దానికి జవాబుదారీ ఆయనే. సెట్టరప్ప నంబరు పదిహేడు. ఆ పంచ్‌ను నల్ల తాడుతో నడుముకు కట్టుకుని తిరిగేవాడు.

మేము తయారు చేసేది లారీలకు వేసే ఇనప బుష్‌లు, నడుమ రంధ్రం ఉండే పొట్టి గొట్టాలు. నేను డిగ్రీ పూర్తయిన ఏడాది అక్కడ కంప్యూటరు పనికి చేరాను. నాకు ముందు ఆ పని చూసినతను బెంగళూరులో ఉద్యోగం దొరికి, ఏ కాగితమూ రాసిపెట్టకుండా వెళ్లిపోయాడు. మేడ మీద గాజు క్యాబిన్, కిటికీ పక్కన నా బల్ల, మూలన సర్వరుగా వాడే పాత కంప్యూటరు. కింద లేత్‌ల వరస. క్యాబిన్ లోంచి చూస్తే మగవాళ్ల తలలు కనిపించేవి. నేను కిందికి దిగేదాన్ని కాదు. తల వంచుకుని నడవడం, అడిగితేనే మాట్లాడడం కాన్వెంటులో నేర్పారు. ఆ రెండూ అవసరానికి మించి నేర్చుకున్నాను.

రెండో రోజో మూడో రోజో ఆయనే పైకి వచ్చాడు. తలుపు బయట నిలబడి, శుభ్రంగానే ఉన్న చేతులను వేస్టు గుడ్డతో మళ్లీ తుడుచుకున్నాడు. కాగితాన్ని గాని, కంప్యూటరును గాని, ఎవరైనా ఇచ్చిన టీ గ్లాసును గాని తాకే ముందు ఆయన ఎప్పుడూ అలా తుడుచుకునేవాడని తర్వాత తెలిసింది.

"ఏమ్మా, యా ఊరు మీది?"

"కృష్ణగిరి."

"యాడ చదివినావు?"

"కాన్వెంటులో."

"అదీ సంగతి. మాట లోపలే ప్రేయరు చేసుకుంటా ఉండాది, బయటికి రాకుండా."

నాకు నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి ఆయనకు నేను కాన్వెంటమ్మను.

పనిముట్ల గదిలో ఆయనకొక ఇనప బీరువా ఉండేది. అందులో మొదటి పీసులు. ఆయన అమర్చిన ప్రతి సెట్టింగు నుంచీ ఒక్కొక్కటి, సన్నటి తీగతో ట్యాగు కట్టి, ట్యాగు మీద షిఫ్టు, మెషిను రాసి పెట్టేవాడు. ఫ్యాక్టరీ నియమం ప్రకారం నెల రోజులు ఉంచితే చాలు. ఆయన ఏళ్ల తరబడి ఉంచాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"వెయ్యి పీసులు ఊర్లు పట్టి పోయినాక తగాదా వస్తుందమ్మా. ఆ పొద్దు నేను చెప్పేది ఎవురు నమ్ముతారు? దీన్నడిగితే ఇది చెప్తుంది. నాకన్నా దీనికి జ్ఞాపకం ఎక్కువ."

వాళ్ల నాయన గొర్రెలు మేపేవాడట. తెల్లవారి లేచి దొడ్డి చుట్టూ ఒక చుట్టు తిరిగి, కంచె ఎక్కడైనా ఒరిగిందేమో చూడనిదే తడిక తీసేవాడు కాదట. సెట్టరప్ప కూడా షిఫ్టు మొదలుకాగానే ఏ మెషిను స్విచ్చూ వేయకుండా లేత్‌ల వరస చుట్టూ ఒక చుట్టు తిరిగేవాడు. కుర్రవాళ్లు నవ్వేవాళ్లు. ఆయనకు పట్టేది కాదు.

నాకు అప్పగించిన మొదటి పెద్ద పని డ్రాయింగుల పేజీ. బుష్‌ల కొలతలు వాటిని మా దగ్గర కొనే లారీ కంపెనీవాళ్లు అప్పుడప్పుడూ మార్చేవాళ్లు. కొత్త డ్రాయింగు వచ్చేది. మెషిను పక్కన మాత్రం నూనె మరకల పాత కాగితం వేలాడుతూ ఉండేది. అందుకని లేత్‌ల దగ్గర ఒక కంప్యూటరు పెట్టి, అందరూ దాని తెర మీద కొలతలు చూసుకునేలా చేశారు. నాకు ముందున్నతను ఆ పేజీని చేత్తో టైపు చేసి పెట్టాడు. ఏ అంకె మారినా మళ్లీ కూర్చుని టైపు చేయాలి. నేను దాని బదులు ఒక స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రాము, రాశాను. ఎవరు పేజీ తెరిచినా అది అప్పటికప్పుడు డ్రాయింగుల జాబితాలోకి వెళ్లి, కొత్త డ్రాయింగు ఏదో వెతికి, కొలతలు చూపిస్తుంది. చేత్తో టైపు చేసే పని ఉండదు.

స్క్రిప్ట్ రాయడం కష్టం కాలేదు. సర్వరు చేత దాన్ని నడిపించడం కష్టమైంది. మొదటిసారి తెరిచినప్పుడు కొలతల బదులు నేను రాసిన ప్రోగ్రాము అంతా వరసగా తెర మీద కనిపించింది. సర్వరు దాన్ని నడపలేదు, చదివి వినిపించింది. సెట్టరప్ప ఏదో పని మీద పైకి వచ్చి నా భుజం వెనక నిలబడి చూశాడు.

"ఇదేందమ్మా?"

"కొలతలు రావాలి. అవి ఎట్ల తేవాలో నేను రాసిందే మళ్లీ చూపిస్తా ఉంది."

"అన్నం పెట్టమంటే వంట ఎట్ల చెయ్యల్లో రాసిన చీటీ విస్తట్లో పెట్టినట్లుండాది."

అంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు. ఈ రకం పేరున్న ఫైళ్లు చూపించడానికి కాదు, నడపడానికి అని సర్వరుకు ఒక లైనులో చెప్పాలి. ఈ ఫోల్డరులో నడపడానికి అనుమతి ఉందని ఇంకొక లైనులో చెప్పాలి. రెండూ చెప్పాను. నా బల్ల మీది కంప్యూటరులో స్క్రిప్ట్ పేరంతా కొట్టి తెరిచాను. కొలతలు వచ్చాయి. పనివాళ్లు తికమక పడకూడదని రంగులు, గీతలు పాత పేజీలో ఉన్నట్టే పెట్టాను. అది తెలివైన పని అనుకున్నాను.

ఇక మెషిన్ల దగ్గరి పాత కాగితాలు తీసేయాలి. దానికి ఒక ఫారం ఉంది. అందులో 'షాపులో తెర మీద చూసినది' అని ఒక గడి. షాపంటే కింద మెషిన్లున్న చోటు. సెట్టరు సంతకం చేయాలి. ఆ రోజు ఆయన భార్యకు కృష్ణగిరిలో కంటి ఆపరేషను. సంచీ భుజాన వేసుకుని, సగం దోవలో ఉన్నవాడిలా వచ్చాడు.

"కిందికి దిగి ఆ కంప్యూటర్లో చూసినావా కాన్వెంటమ్మా?"

నేను చూడలేదు. కిందికి దిగాలంటే లేత్‌ల మధ్య నడవాలి. ముప్పై మంది చూస్తారు. నా బల్ల మీద వచ్చింది కదా, అక్కడ మాత్రం రాకుండా ఎందుకుంటుంది అనుకున్నాను.

"చూశాను" అన్నాను.

ఆయన చేతులు తుడుచుకుని సంతకం పెట్టాడు. ఆయన జీవితంలో చూడకుండా సంతకం పెట్టింది ఆ ఒక్కసారే అనుకుంటాను. నా మాట మీద పెట్టాడు.

కాగితాలు తీసేశారు. మూడో రోజు ఆయన తిరిగి వచ్చి ఒక బుష్‌కు మెషిను అమర్చాడు. ఆ బుష్ లోపలి రంధ్రం కొత్త డ్రాయింగులో కాస్త పెద్దదయింది. ఆయన కింది తెర మీద చూసిన కొలతకు అమర్చి, మొదటి పీసు కొలిచి, పంచ్ కొట్టాడు. ఒక షిఫ్టు పీసులన్నీ ఆ కొలతకే తీశారు. అది పాత కొలత. సరుకు మొత్తం వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది.

మేనేజరు ఆయన్ను వెంటబెట్టుకుని నా క్యాబిన్‌కు వచ్చాడు.

"తెర మీద చూసే సెట్ చేసినా సార్" అంటున్నాడు సెట్టరప్ప.

"పేజీ తెరువమ్మా" అన్నాడు మేనేజరు.

తెరిచాను. కింద వచ్చేదీ ఇదే పేజీ అని అందరి నమ్మకం. నా తెర మీద కొత్త కొలత ఉంది. సరిగ్గా ఉంది.

"చూడు. నీ కళ్లతో నువ్వే చూడు."

సెట్టరప్ప వంగి చూశాడు. తర్వాత నా వైపు తిరగకుండానే, "అయితే నా కన్నే తప్పయి ఉంటుంది సార్" అన్నాడు.

నడుము నుంచి తాడు విప్పాడు. పంచ్‌ను వేస్టు గుడ్డతో తుడిచి మేనేజరు చేతిలో పెట్టాడు. గురువారం కంపెనీవాళ్లు ఆడిట్‌కు వస్తారు. పీసులు ఎందుకు చెడ్డాయో అప్పటికి కాగితం మీద రాసి ఇవ్వాలి. ఇంకే కారణమూ దొరక్కపోతే 'సెట్టరు అజాగ్రత్త' అని రాస్తారు. అలా రాస్తే పంచ్ ఇక తిరిగి రాదు. రిటైరయ్యే దాకా ప్యాకింగులో అట్టపెట్టెలు కట్టుకోవాలి. ఆయనకు ఇంకా రెండేళ్ల సర్వీసే ఉంది.

అది మంగళవారం.

బుధవారం మధ్యాహ్నం పెరుగన్నం డబ్బా మూత తీసి మళ్లీ పెట్టేశాను. పేజీ సరిగ్గా ఉందని నాకు తెలుసు. ఆయన అబద్ధమాడడనీ తెలుసు. రెండూ నిజమైతే నేను చూడని చోటు ఒకటుంది. క్యాబిన్ తలుపు తీసి మెట్లు దిగాను.

భోజనాల వేళ కనుక మెషిన్లు ఆగి ఉన్నాయి. అందువల్ల నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినపడింది. డబ్బాలు ముందు పెట్టుకుని కూర్చున్నవాళ్లు తలలెత్తారు.

"ఏమప్పా, ఈ పొద్దు సూర్యుడు యా పక్క లేసినాడు? కంప్యూటరమ్మ నేల మిందికి దిగిండాది!" అన్నాడు ఒక ఆపరేటరు.

"దోవ తప్పిందేమో లేరా. క్యాంటీను ఆ పక్కమ్మా!" అన్నాడు ఇంకొకడు.

"దోవ తప్పలేదన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ముందే రావాల్సింది."

లేత్‌ల దగ్గరి కంప్యూటరుకు కీబోర్డు లేదు. నూనె చేతులతో పాడు చేస్తారని తీసేశారు. స్విచ్చు వేస్తే దానంతట అదే డ్రాయింగుల ఫోల్డరు పేజీ తెరుచుకుంటుంది. అదే రంగు, అవే గీతలు. రంధ్రం కొలత చూశాను. పాతది.

అక్కడ నిలబడే అర్థమైంది. నేను పైన స్క్రిప్ట్ పేరు పూర్తిగా కొట్టి తెరుస్తున్నాను. కింది కంప్యూటరు ఫోల్డరు పేరు వరకే అడుగుతుంది. ఫోల్డరు పేరు మాత్రమే అడిగితే లోపలున్న వాటిలో ఏ పేజీని ముఖంగా చూపాలో సర్వరు దగ్గర ఒక వరస ఉంటుంది. ఆ వరసలో ముందున్న పేరు దొరికితే అదే ఇస్తుంది, రెండోదాని దాకా పోదు. పాత అతను చేత్తో టైపు చేసిన పేజీ ఆ ఫోల్డరులో అలాగే ఉంది. వరసలో అదే ముందుంది. నా స్క్రిప్ట్ దాని వెనక, ఎవరూ పిలవకుండా కూర్చుని ఉంది.

సెట్టరప్ప పనిముట్ల గదిలో ఉన్నాడు. సెట్టింగు పని ఇవ్వడం లేదు కనుక బీరువా ముందు కింద కూర్చుని ట్యాగుల తీగలు సరిచేస్తున్నాడు.

"నేను చూడలేదప్పా" అన్నాను.

తల ఎత్తాడు.

"ఆ పొద్దు. కిందికి దిగి చూసినావా అని అడిగితే చూశానని చెప్పాను. చూడలేదు. మీ కన్ను తప్పు కాదు. కింద పాత పేజీనే వస్తా ఉంది."

ఆయన చేతిలోని పీసును జాగ్రత్తగా దాని చోట పెట్టాడు. గుడ్డ తీసి చేతులు తుడుచుకున్నాడు.

"కొలత జాబ్ కాడ తీసుకోవల్లమ్మా. కుర్చీ కాడ కాదు."

అంతే అన్నాడు. తిట్టి ఉంటే ఏడ్చేదాన్ని. ఆయన లేచి నిలబడ్డాడు.

"నాకు చెప్పినావు, సరే. చెప్పాల్సింది ఇంకొకరికి ఉండాది. దానికన్నా ముందు సెట్టింగు సరిచేద్దాం, పద. చెడింది బాగు చేసి చూపిస్తే మాటకు బలం వస్తుంది."

పైకి వచ్చి ఆ పాత పేజీని తుడిచేయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాన్ని పారేస్తే రేపు తప్పు యాడ జరిగిందో దేన్ని చూపిస్తావు? పాత పీసు కూడా సాక్షేమ్మా. ఉండనీ. మార్చేది ఒక్కటి మార్చు. మార్చి, కిందికి పోయి చూడు. మళ్లా ఇంకొకటి."

సర్వరు అమరికల ఫైలు తెరిచి ఆ వరస ఉన్న లైను చూపించాను. ఆయనకు ఇంగ్లీషు నిదానంగా చదవడం వచ్చు. వేలు తెరకు తాకకుండా గాలిలో పెట్టి చదివాడు.

"ఇది ముందర ఉండాది. నీది యెనకాల. మా దొడ్లో కూడా ఇంతే. తడిక తీస్తే ముందర నిలబడిన గొర్రెదే దోవ. నీదాన్ని ముందరికి తీసుకురా."

స్క్రిప్ట్ పేరును పాత పేజీ పేరుకు ముందుకు తెచ్చాను. సర్వరును ఆపి మళ్లీ నడిపాను. మెట్లు దిగాను. మెషిన్లు మొదలయ్యాయి, ఆ శబ్దంలో ఎవరేమన్నారో వినపడలేదు. కింది తెర తెరిచాను.

పాత కొలతే.

పైకి వచ్చాను. లైను మళ్లీ చూశాను. సరిగ్గా ఉంది. మళ్లీ దిగాను. పాతదే. మూడోసారి మెట్లు రెండేసి ఎక్కి వచ్చాను. ఆయన మాత్రం నా కుర్చీ పక్కన స్టూలు మీద, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, బస్సుకు ఇంకా టైముందన్నట్టు కూర్చున్నాడు.

"లైను సరిగ్గానే ఉండాదప్పా. అయినా వినడం లేదు."

"మెషిను ఊరికే వినకుండా ఉండదమ్మా. ఇంకెవురి మాటో వింటా ఉంటుంది." కాస్త ఆలోచించాడు. "మా కాడ ఒకటి జరుగుతుంది. నేను షీటులో రాసినట్లే సెట్ చేసి పోతాను. యెనకాల ఆపరేటరు తనకు తోచినట్లు టూలు కింద ఒక కాగితం ముక్క మడిచి పెట్టుకుంటాడు. ఆ ఎత్తుకు కొలత మారిపోతుంది. షీటు చూస్తే తప్పుండదు. టూలు లేపి చూడల్ల. నీ కాడ ఆ ఫోల్డర్లో, జాబ్ పక్కనే, ఎవురన్నా కాగితం పెట్టినారేమో చూడు."

ఉంది. అలాంటిది ఒకటి ఉంటుందని పుస్తకంలో చదివాను. ఒక ఫోల్డరుకు మాత్రమే వర్తించే చిన్న అమరికల ఫైలు. పేరు చుక్కతో మొదలవుతుంది కనుక మామూలుగా చూస్తే జాబితాలో కనపడదు. దాచిన ఫైళ్లు కూడా చూపమని అడిగాను. కనిపించింది. లోపల ఒకే ఒక్క లైను. ఈ ఫోల్డరు అడిగితే పాత పేజీనే ఇవ్వు అని. వెళ్లిపోయినతను ఎప్పుడో, ఏ అవసరానికో పెట్టి మరిచిపోయాడు. ఫోల్డరులో ఉన్న ఆ చిన్న మాట, నేను పెద్ద ఫైలులో రాసిన మాటను కొట్టేస్తోంది.

"ఉంది" అన్నాను.

"ఉంటుంది" అన్నాడు. టీ చివరి గుక్క తాగాడు.

మొదట ఆ లైనును, ఆ ఫోల్డరులో ఉన్నవాటిని, కింది తెర మీద కనిపించే పాత పేజీని ప్రింటు తీయించాడు. తర్వాతే మార్చనిచ్చాడు. ఆ చిన్న ఫైలులో స్క్రిప్ట్ పేరు ముందు, పాత పేజీ పేరు వెనక రాశాను. ఈసారి ఆయన నాతో దిగలేదు. క్యాబిన్ గాజు దగ్గర నిలబడ్డాడు.

లేత్‌ల మధ్య నుంచి నడిచాను. తల వంచుకోలేదని చెప్పను. కాని ఆగలేదు. తెర తెరిచాను. రంధ్రం కొలత మారింది. డ్రాయింగు కాగితం పక్కన పెట్టి అంకె అంకె పోల్చాను. పైకి చూసి తల ఊపాను. గాజు వెనక ఆయన తల ఊపలేదు. 'ఇంకోసారి' అన్నట్టు వేలు తిప్పాడు. కంప్యూటరు ఆపి, మళ్లీ వేసి, చూశాను. కొత్త కొలతే.

ఆ పేజీ ప్రింటు తీసి ఆయన ముందు పెట్టాను. కొలతలు తీసే వెర్నియర్ పట్టుకునేటంత శ్రద్ధగా పట్టుకుని చదివాడు.

"మొదటి పీసు బాగుండాది. కానీ కొట్టేదానికి నా కాడ పంచ్ లేదు." కాగితం నా వైపు జరిపాడు. "చూసింది నువ్వు. నువ్వు పెట్టు సంతకం."

పెట్టాను.

మేనేజరుకు ఉత్తరం రాసి బల్ల మీద పెట్టి వచ్చేద్దామనుకున్నాను. నాకు రాయడం వచ్చు. సెట్టరప్పకు ఆ సంగతి చెప్పకుండానే తెలిసిపోయింది.

"రాసిస్తే చదివేటప్పుడు నువ్వాడ ఉండవు. నిలబడి చెప్పు. నోరు ఎండిపోతే నీళ్లు తాగి చెప్పు."

మేనేజరు గదిలో నిలబడి చెప్పాను. పాత పేజీ, దాచిన లైను, కొత్త పేజీ, మూడు కాగితాలూ బల్ల మీద పరిచాను. నేను చూడకుండానే చూశానన్నాననీ, ఆ మాట నమ్మి ఆయన సంతకం పెట్టాడనీ చెప్పాను. మధ్యలో రెండుసార్లు నీళ్లు తాగాను. మేనేజరు లేచి కిందికి వెళ్లి తానే తెర తెరిచి చూసి వచ్చాడు.

"రేపు కంపెనీవాళ్ల ముందర కూడా ఇదే చెప్పగలవా?"

"చెప్తాను సార్."

గురువారం చెప్పాను. వచ్చిన ముగ్గురిలో ఒకాయన ఫోల్డరు పేరు మాత్రమే కొట్టి చూపించమన్నాడు. చూపించాను. పనివాళ్లు చూసేది ఏ కంప్యూటరులో అన్నాడు. కిందికి పదండి అన్నాను. కారణం గడిలో 'సెట్టరు అజాగ్రత్త' అని రాయలేదు. నాకు మెమో ఇచ్చారు, ఆరు నెలలు ప్రొబేషను పెంచారు. మెమో పట్టుకుని పనిముట్ల గదికి వెళితే సెట్టరప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీనికి కూడా ట్యాగు కట్టి పెట్టుకోమ్మా. నీ మొదటి పీసు."

ఆయన పంచ్ ఆ సాయంత్రమే తిరిగి వచ్చింది. నడుముకు కట్టుకోక ముందు చేసిన పని ఇంకొకటి ఉంది. నేను సంతకం పెట్టిన ఆ ప్రింటు కాగితాన్ని సీసం దిమ్మ మీద పరిచాడు. మూలన నా సంతకం పక్కన పంచ్ నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టాడు. కాగితం చిల్లి పడి పదిహేడు అని అచ్చయింది. చిన్న తీగతో ట్యాగు కట్టి బీరువాలో, బుష్‌ల పక్కన వేలాడదీశాడు.

రెండేళ్లకు ఆయన రిటైరై ఊరికి వెళ్లిపోయాడు. ఇంకొక ఏడాదికి నేను బెంగళూరులో పని దొరికి రోజూ చెక్‌పోస్టు దాటడం మొదలుపెట్టాను. నెలకో రెండు నెలలకో ఫోను చేసేవాడు. బాగున్నావా అని అడిగేవాడు కాదు. "ఈ పొద్దు కిందికి దిగినావా?" అనేవాడు. మా ఆఫీసు నాలుగో అంతస్తు. నేను చేసే పేజీలు వాడేవాళ్లు మొదటి అంతస్తులో కూర్చుంటారు. దిగాననే చెప్పేదాన్ని. దిగే చెప్పేదాన్ని.

సోమవారం నేను చేరేసరికి ఆయన్ను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. చేతులు ఎవరో శుభ్రంగా తుడిచి పెట్టారు. ఇన్‌స్పెక్షన్ అక్క, నలుగురైదుగురు ఆపరేటర్లు వచ్చారు. క్యాంటీను ఆ పక్క అన్నతను తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

అంతా అయ్యాక ఆయన భార్య నన్ను పిలిచింది. ఆమెను నేను చూడడం అదే మొదటిసారి.

"నువ్వేనా కాన్వెంటమ్మ?"

"అవునమ్మా."

"ఆ పొద్దు నా కంటి ఆపరేషను కాబట్టి ఆయప్ప దిగి చూడలేదంట కదా. లేకపోతే దిగి చూసేవాడే. ఎన్నోతూర్లు చెప్పినాడు. ఆ పాప ఒక్క తూరి అబద్ధమాడి, దాన్ని సరిచేసేదానికి మూడు తూర్లు మెట్లు దిగిందే అని."

లోపలి గదిలోకి తీసుకెళ్లింది. ఫ్యాక్టరీ బీరువాలోని పీసులు వదిలేసి వచ్చినవాడు ఒక్కటి మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. గోడకు మేకు, మేకుకు ట్యాగు, ట్యాగుకు ఆ కాగితం. ప్రింటరు ఇంకు పూర్తిగా వెలిసిపోయింది. కొలతలు లేవు, గీతలు లేవు. నా సంతకం ఉందో లేదో తెలియడం లేదు. ఆమె దాన్ని మేకు నుంచి తీసి నా చేతికిచ్చింది. ఇచ్చే ముందు కొంగుతో చేతులు తుడుచుకుంది.

తీసుకునే ముందు నేనూ తుడుచుకున్నాను. కాగితాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాను. తెల్లటి కాగితం. మూలన ఒకటి, ఏడు. ఆ రెండు అంకెల చిల్లుల్లోంచి మధ్యాహ్నపు ఎండ నా వేళ్ల మీద పడుతూ ఉంది.